సమం కానివ్వని పొర

మనిషి చనిపోయి ఎంతసేపైందో అంచనా వేయడానికి ఫోరెన్సిక్ నిపుణులు చూసే ఆధారాల్లో కనుగుడ్డు లోపలి జిగురు ద్రవం ఒకటి. ప్రాణం పోయిన దగ్గర్నుంచీ అందులో పొటాషియం గంటగంటకూ పెరుగుతూ పోతుంది. అది వచ్చేది చుట్టూ ఉన్న కణాల్లోంచే. బతికున్నన్నాళ్లూ ఆ కణాలు పొటాషియాన్ని లోపల దాచుకుని, సోడియాన్ని బయటే ఉంచాయి. ఇప్పుడు ఆ పని ఆగిపోయింది. లోపలిది బయటికీ బయటిది లోపలికీ కారి, రెండు పక్కలా సమం అయిపోతోంది.

బతికున్న కణంలో ఈ తేడా చిన్నదేమీ కాదు. రక్తద్రవంలో లీటరుకు సుమారు 145 మిల్లీమోళ్ల సోడియం ఉంటే, కణం లోపల ఉండేది 12 దాకా మాత్రమే. పొటాషియం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది: బయట 4, లోపల 140. కాల్షియం అయితే లోపలికంటే బయట పదివేల రెట్లు ఎక్కువ. ఇంత తేడాను నిలబెడుతున్నది అయిదు నానోమీటర్ల మందం కూడా సరిగా లేని ఒక పొర.

ఆ పొరను ఏది దాటుతుంది, ఏది దాటదు, దాటేది ఎలా దాటుతుంది? ఈ ప్రశ్నతో శాస్త్రవేత్తలు 130 ఏళ్లుగా కుస్తీ పడుతున్నారు. ఒక తరం అంతా కొవ్వు మహిమ అంది. తర్వాతి తరం అంతా ప్రోటీన్ల పనే అంది. ఇప్పటికీ మందుల పరిశోధనలో ఆ తగువు పూర్తిగా తెగలేదు. బడి పుస్తకాలు మాత్రం వ్యాపనం, ద్రవాభిసరణం, సక్రియ రవాణా అని వరసగా పేర్లు చెప్పి ఊరుకుంటాయి. దాంతో దాటించడమే పొర పని అన్న అభిప్రాయం మిగిలిపోతుంది. ఇన్నేళ్ల ఫలితాలను ఒకచోట పెట్టి చూస్తే తేలేది వేరు. పొర మొదటి పని ఆపడం, తేడాను నిలపడం. దాటింపులన్నీ ఆ తేడాను కూడబెట్టడమో, ఖర్చుపెట్టడమో.

కొవ్వు గీసిన హద్దు

జీవకణాల్లోని ముఖ్యమైన అణువులు నాలుగు రకాలు: పిండిపదార్థాలు, ప్రోటీన్లు, కేంద్రక ఆమ్లాలు, కొవ్వులు. మొదటి మూడూ గొలుసులు కడతాయి. గ్లూకోజు అణువులు వరసగా అతుక్కుంటే పిండి, అమైనో ఆమ్లాలు అతుక్కుంటే ప్రోటీను, న్యూక్లియోటైడ్లు అతుక్కుంటే డీఎన్ఏ, ఆర్ఎన్ఏ. కొవ్వులు అలా అతుక్కోవు. నీటితో పొసగక ఒకచోట గుమిగూడతాయి, అంతే. ఆ గుమిగూడే గుణమే కణానికి హద్దు గీసింది.

పొరలో ఉండే ప్రధానమైన కొవ్వు ఫాస్ఫోలిపిడ్. దాని తలలో ఫాస్ఫేటు ఉంటుంది, అది నీటితో కలుస్తుంది. రెండు తోకలు మాత్రం నీటిని దగ్గరికి రానివ్వవు. ఇలాంటి అణువుల్ని నీళ్లలో వేస్తే తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి రెండు వరసల పొరగా వాటంతట అవే సర్దుకుంటాయి. అంచు ఎక్కడా తెరిచి ఉండకుండా చుట్టుకుని బుడగ అవుతాయి. ఇందుకు ఏ జన్యువు ఆదేశమూ అక్కర్లేదు.

ఈ సంగతి పట్టుబడింది పొరను ఎవరూ కంటితో చూడకముందే. ఇంగ్లండ్‌లో పుట్టి జూరిచ్‌లో పనిచేసిన చార్లెస్ ఎర్నెస్ట్ ఓవర్టన్ 1890ల్లో మొక్కల కణాల మీద వందలాది పదార్థాలను పరీక్షించాడు. నూనెలో ఎంత బాగా కరిగే పదార్థమైతే కణంలోకి అంత త్వరగా వెళ్తోందని గమనించాడు. కణం చుట్టూ నూనెలాంటిదేదో ఉండి తీరాలన్నాడు. 1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఖోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వును తీసి నీటి మీద ఒకే అణువు మందాన పరిచారు. అది పరుచుకున్న మేర కణాల ఉపరితలానికి రెండింతలు వచ్చింది. అంటే పొరలో కొవ్వు రెండు వరసలుగా ఉందన్నమాట.

ఆ లెక్కలో రెండు పొరపాట్లున్నాయని దశాబ్దాల తర్వాత తెలిసింది. అసిటోనుతో తీయడం వల్ల కొవ్వు పూర్తిగా రాలేదు. ఆరబెట్టిన కణాలను కొలవడం వల్ల వాటి ఉపరితలం తక్కువగా కనబడింది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవడంతో సరైన జవాబు దక్కింది. జీవశాస్త్ర చరిత్రలో ఇంత అదృష్టం కలిసొచ్చిన ప్రయోగాలు అరుదు.

1960ల్లో అలెక్ బాంగమ్ కేంబ్రిడ్జి దగ్గర ప్రోటీన్లు లేని ఉత్త కొవ్వు బుడగలు తయారుచేయడంతో హద్దు గట్టితనాన్ని కొలిచే వీలు చిక్కింది. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటివి అడ్డే లేనట్టు వెళ్లిపోతాయి. నీరు ఓ మోస్తరుగా వెళ్తుంది. గ్లూకోజు నీటికంటే దాదాపు లక్ష రెట్లు నెమ్మది. సోడియం, పొటాషియం అయాన్లు వందకోట్ల రెట్లకు పైగా నెమ్మది. సోడియం అయాన్ గ్లూకోజు కంటే ఎంతో చిన్నదైనా ఎందుకు దాటలేకపోతోంది? దానికి విద్యుదావేశం ఉంది, నీటి అణువులు దాన్ని గట్టిగా చుట్టుకుని ఉంటాయి. వాటిని వదులుకుని నూనెలో దిగడానికి చాలా శక్తి కావాలి. కాబట్టి ఇక్కడ పరిమాణం కన్నా ఆవేశమే ముఖ్యం.

దీనికి తెలుగు నేల మీదే ఒక చేదు రుజువు ఉంది. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని 1937లో వైద్యులు తొలిసారి నమోదు చేశారు. ఆ తర్వాత నల్లగొండ పేరు దేశమంతటా వినబడింది. నీటిలో ఫ్లోరైడ్ ఉండేది రుణావేశంతో. ఆ రూపంలో అది పొరను సులువుగా దాటలేదు. జీర్ణాశయంలోని గాఢమైన ఆమ్లంలో మాత్రం అది హైడ్రోజన్‌తో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది, ఆవేశం పోతుంది. ఇక కొవ్వు పొర దానికి అడ్డు కాదు. అవతలికి వెళ్లాక ఆమ్లత తక్కువ కాబట్టి మళ్లీ విడిపోయి ఫ్లోరైడ్‌గా మారి, ఎముకల్లో, పళ్లలో చేరుతుంది. ఓవర్టన్ చెప్పిన సూత్రం మేలుకీ కీడుకీ ఒకేలా వర్తిస్తుంది.

హద్దు దాటిన తర్వాత పదార్థాన్ని మోసుకెళ్లేది వ్యాపనమే. ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటికి అణువులు చెదిరిపోవడమే అది. పది మైక్రోమీటర్ల దూరం, అంటే ఒక కణం అడ్డుకొలత, దాటడానికి చిన్న అణువుకు సెకనులో ఇరవయ్యో వంతు చాలు. అదే ఒక సెంటీమీటరు దాటాలంటే సుమారు 14 గంటలు, ఒక మీటరుకు దాదాపు 16 ఏళ్లు. దూరం పదింతలైతే కాలం నూరింతలు కావడమే ఇందుకు కారణం. కణాలు చిన్నవిగా ఉండటానికీ, పెద్ద జీవులకు గుండె, రక్తనాళాలు కావలసిరావడానికీ ఈ ఒక్క లెక్కే మూలం.

శాండ్‌విచ్ చెదిరిపోయిన సంగతి

పొరలో ప్రోటీన్లు ఉన్నాయని తెలిశాక, వాటిని ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. 1935లో డావ్సన్, డానియెల్లీ వాటిని కొవ్వుకు అటూ ఇటూ పూతలా పెట్టారు. 1950ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పొర రెండు నల్ల గీతలు, మధ్యలో తెల్ల గీతగా కనబడింది. కణాలన్నిటికీ ఒకటే నమూనా అని రాబర్ట్‌సన్ ప్రకటించాడు. బొమ్మ అందంగా ఉంది కాబట్టి చాలామంది నమ్మారు కూడా.

కానీ ఆ బొమ్మ ముఖ్యమైన ప్రశ్నకు జవాబివ్వలేదు. అన్ని కణాల పొరా ఒకటే అయితే నాడీకణం పొర, మూత్రపిండం పొర ఇంత తేడాగా ఎందుకు ప్రవర్తిస్తాయి? బరువులో నాడుల చుట్టూ ఉండే మైలిన్ పొరలో ప్రోటీన్ సుమారు అయిదో వంతే. మైటోకాండ్రియా లోపలి పొరలో అది ముప్పావు భాగం. 1970లో ఫ్రై, ఎడిడిన్ మనిషి కణాన్నీ ఎలుక కణాన్నీ కలిపేశారు. రెండిటి ప్రోటీన్లకూ వేరువేరు రంగులు వేసి చూస్తే 37 డిగ్రీల దగ్గర 40 నిమిషాల్లో రంగులు కలిసిపోయాయి. చల్లబరిస్తే కలవలేదు. అంటే పొర గట్టి పలక కాదు. అందులో ప్రోటీన్లు ఈదులాడుతున్నాయి. 1972లో సింగర్, నికల్సన్ ఈ ఆధారాలన్నీ జోడించి ప్రోటీన్లు కొవ్వు మీద పూతగా లేవనీ, కొన్ని కొవ్వును ఈ చివర నుంచి ఆ చివర దాకా చొచ్చుకుని ఉన్నాయనీ చెప్పారు.

ఆ నమూనా యాభై ఏళ్లు దాటినా నిలిచింది, కొన్ని సవరణలతో. ఇప్పుడు మనకు కనిపించే పొర ఆనాటి బొమ్మలో కంటే చాలా ఇరుకు. ప్రోటీన్ల మధ్య ఖాళీ తక్కువ. కొలెస్టరాల్‌తో కూడిన కొవ్వులు అక్కడక్కడా గుంపులు కడతాయన్న ప్రతిపాదన 1997 నుంచి ఉంది. బతికున్న కణంలో అవి ఎంత పెద్దవి, ఎంతసేపు నిలుస్తాయి అన్నది ఇంకా చర్చలోనే ఉంది. ప్రోటీన్లు పొరను చొచ్చుకుని ఉంటాయన్న ప్రధాన నిర్ణయంలో మాత్రం సందేహం లేదు. మన జన్యువుల్లో ఇంచుమించు నాలుగో వంతు పొర ప్రోటీన్ల కోసమే. వాడుకలోని మందుల్లో సగానికి పైగా పనిచేసేది వాటి మీదే.

నీటి దారి

మాగాయకు మామిడి ముక్కల్లో ఉప్పు, పసుపు కలిపి ఊరబెడితే ఊట దిగుతుంది. ఆ నీరు ముక్కల కణాల్లోది. బయట ఉప్పు కరిగి ఉండటంతో, కరిగినవి తక్కువగా ఉన్న లోపలి వైపు నుంచి ఎక్కువగా ఉన్న బయటి వైపుకు నీరు లాగబడింది. ఊరగాయలో పడ్డ సూక్ష్మజీవుల గతీ అంతే. వాటి నీరు వాటికి దక్కదు, అందుకే పచ్చడి చెడదు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉండటానికి కారణం కూడా ద్రవాభిసరణమే. ఉత్త నీరు ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు ఉబ్బి పగిలిపోతాయి.

ద్రవాభిసరణంలో లెక్కకు వచ్చేది కరిగిన కణికల సంఖ్యే, వాటి బరువు కాదు. జీవాణువులు గొలుసులు కట్టడంలోని ప్రయోజనం ఇక్కడ బయటపడుతుంది. కాలేయ కణంలో గ్లైకోజన్‌గా దాచిన గ్లూకోజునంతా విడివిడిగా వదిలేస్తే దాని గాఢత లీటరుకు 0.4 మోళ్లు అవుతుంది. ఆ దెబ్బకు నీరు లోపలికి ఉరికి కణం పగిలిపోవలసిందే. వేల గ్లూకోజు అణువుల్ని ఒక్క గొలుసుగా కట్టేస్తే లెక్కలో అవి ఒక్కటే అవుతాయి. వరిగింజ తన చక్కెరను పిండిగా దాచుకోవడంలోని కిటుకూ ఇదే.

నీరు కొవ్వు గుండా కొంత వెళ్తుందని ముందే తెలుసు కాబట్టి దానికి ప్రత్యేక మార్గం అవసరమని చాలామంది అనుకోలేదు. కానీ ఎర్ర రక్తకణం, మూత్రపిండం నాళిక లాంటి చోట్ల నీరు దాటే వేగం కొవ్వు లెక్కకు అందలేదు. రొమేనియాలో ఘియోర్గె బెంగా బృందం 1986లోనే ఎర్ర రక్తకణాల్లో నీటిని దాటించే ప్రోటీన్ ఆచూకీ చెప్పింది. 1992లో అమెరికాలో పీటర్ అగ్రె బృందం దాన్ని తిరుగులేకుండా నిరూపించింది. కప్ప అండకణాలు నీటిలో ఉన్నా పెద్దగా ఉబ్బవు. అగ్రె కనుగొన్న ప్రోటీన్‌ను వాటిలో పుట్టించి ఉత్త నీటిలో వేస్తే కొద్ది నిమిషాల్లో ఉబ్బి పగిలిపోయాయి. ఆ ప్రోటీన్ పేరు ఆక్వాపోరిన్. ఒక్కో ఆక్వాపోరిన్ గుండా సెకనుకు దాదాపు 300 కోట్ల నీటి అణువులు ఒకదాని వెనుక ఒకటి వెళ్తాయి. అంత వేగంలోనూ ప్రోటాన్లను మాత్రం పోనివ్వదు. పోనిస్తే ఆమ్లతలోని తేడా కరిగిపోతుంది. మన మూత్రపిండాలు రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, ఒకటి రెండు లీటర్లు తప్ప తక్కినదంతా వెనక్కి తీసుకోగలుగుతున్నాయంటే అందులో ఆక్వాపోరిన్ల పాత్ర పెద్దది.

అయాన్ల ఎంపిక

నాడిలో సంకేతం పరిగెత్తేటప్పుడు సోడియం, పొటాషియం ఏ క్రమంలో పొరను దాటుతాయో హాజ్కిన్, హక్స్‌లీ 1952లో సముద్రపు స్క్విడ్ లావుపాటి నాడీతంతువు మీద కొలిచి చూపారు. 1976లో నేహర్, సక్‌మన్ సన్నటి గాజు గొట్టపు కొనను పొరకు అదిమిపెట్టి ఒక్క చానల్ తెరుచుకున్నప్పుడు పారే విద్యుత్తును పట్టుకోగలిగారు. అప్పటిదాకా లెక్కల్లో ఉన్న చానల్ నిజంగా తెరుచుకుంటోందని, మూసుకుంటోందని కాగితం మీద గీతగా కనబడింది.

అయినా ఒక చిక్కు మిగిలింది. పొటాషియం చానల్ గుండా సెకనుకు పది కోట్ల దాకా పొటాషియం అయాన్లు వెళ్తాయి. సోడియం అంతకంటే చిన్నది, అయినా దాన్ని పోనివ్వదు. పెద్దదాన్ని పోనిచ్చి చిన్నదాన్ని ఆపే రంధ్రం ఎలా సాధ్యం? 1998లో రాడరిక్ మకినన్ ఒక బాక్టీరియా చానల్ నిర్మాణాన్ని ఎక్స్‌రేలతో గీసి జవాబు చూపాడు. చానల్ ఇరుకు భాగంలో ఆక్సిజన్ పరమాణువులు వరుసగా పేర్చి ఉన్నాయి. పొటాషియం తనను చుట్టుకున్న నీటిని వదులుకున్నా ఆ ఆక్సిజన్లు సరిగ్గా అంతే దూరంలో దానికి ఆసరా ఇస్తాయి. చిన్నదైన సోడియానికి అవి అందవు. నీటిని వదులుకోవడం దానికి గిట్టుబాటు కాదు. కొవ్వు పొర దగ్గర అయాన్‌ను ఆపిన కారణమే ఇక్కడ ఎంపికకు సాధనమైంది. అగ్రె, మకినన్‌లకు 2003 నోబెల్ కలిపి ఇవ్వడంలో ఔచిత్యం ఉంది.

ఖర్చు పెట్టేదెవరు?

చానళ్లు ఎంత నేర్పుగా ఎంచినా అవి తేడాను కరిగించగలవు గానీ సృష్టించలేవు. తేడాను సృష్టించాలంటే వాలుకు ఎదురు నెట్టాలి, అందుకు శక్తి పెట్టాలి. 1957లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో యెన్స్ క్రిస్టియన్ స్కౌ పీతకాళ్ల నాడులను నూరి, అందులో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువును విడగొట్టే ఎంజైమును పరీక్షించాడు. సోడియం, పొటాషియం రెండూ ఉంటేనే అది చురుగ్గా పనిచేసింది. అదే సోడియం-పొటాషియం పంపు. ఒక్కో ఏటీపీ ఖర్చుతో మూడు సోడియం అయాన్లను బయటికి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి పంపుతుంది. చానల్‌తో పోలిస్తే ఇది మహా నెమ్మది, సెకనుకు వందల అయాన్లే. అయినా మనం కదలకుండా కూర్చున్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో అయిదో వంతు దాకా దీనికే పోతుంది. మెదడులో ఈ వాటా ఇంకా ఎక్కువ.

ఆ ఏటీపీ చరిత్రలో భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరుంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. దాని సాయంతోనే 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరంలో గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నాడు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచంలోని జీవరసాయన ప్రయోగశాలల్లో రోజువారీ పనిముట్టు అయింది.

పంపు ఆగితే ఏమవుతుందో చెప్పడానికి గన్నేరు చెట్టు చాలు. అందులోని విషం ఈ పంపును పట్టేస్తుంది. కణంలో సోడియం పెరుగుతుంది, దాని వెంట కాల్షియం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. ఫాక్స్‌గ్లవ్ మొక్క నుంచి వచ్చిన డిజాక్సిన్ కూడా పట్టేది ఈ పంపునే. అతి తక్కువ మోతాదులో అది గుండెకు బలమిచ్చే మందు, మోతాదు దాటితే విషం. కడుపులో మంటకు వేసుకునే ఒమెప్రజోల్ ఆపేది ఇదే కుటుంబంలోని మరో పంపును. జీర్ణాశయం గోడ కణాలు ఆ పంపుతోనే ప్రోటాన్ల గాఢతను రక్తంలో కంటే పది లక్షల రెట్లకు పైగా పెంచుతాయి.

కూడబెట్టిన తేడా చేసే పనులు

పంపు కూడబెట్టిన సోడియం తేడా ఊరికే ఉండదు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో కరెంటు మిగిలినప్పుడు నీటిని తిరిగి పైకి తోడి, అవసరమైనప్పుడు అదే నీటిని కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. కణం చేసేదీ అదే. ఏటీపీ ఖర్చుతో సోడియాన్ని బయటికి తోడుతుంది. అది తిరిగి లోపలికి జారేటప్పుడు ఆ ఊపుతో గ్లూకోజును, అమైనో ఆమ్లాలను లోపలికి లాక్కుంటుంది. పేగులో సోడియం, గ్లూకోజు ఇలా జోడుగా వెళ్తాయని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్ సదస్సులో ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది పీటర్ మిచెల్ ఇంకో పెద్ద మాట అన్నాడు. ఏటీపీ తయారయ్యేది కూడా పొరకు అటూ ఇటూ ఉన్న ప్రోటాన్ల తేడాతోనే అని. ఏళ్ల తరబడి ఎదురైన వ్యతిరేకతకు 1978 నోబెల్‌తో తెరపడింది.

క్రేన్ చెప్పిన జోడు ప్రయాణం విలువ కలరా వార్డుల్లో తేలింది. కలరా విషం పేగు కణాల్లోని క్లోరైడ్ చానల్‌ను తెరిచిపెడుతుంది. క్లోరైడ్ వెంట సోడియం, వాటి వెంట నీరు పేగులోకి కారిపోతాయి. కానీ ఆ విషం సోడియం-గ్లూకోజు వాహకాన్ని తాకదు. కాబట్టి ఉప్పుతో పాటు తగుపాళ్లలో గ్లూకోజు ఇస్తే రెండూ జోడుగా లోపలికి వెళ్తాయి, నీరు వాటి వెంట వెళ్తుంది. ఇక్కడ గ్లూకోజు ఆహారంగా కాదు, సోడియాన్ని దాటించేందుకు తోడుగా ఇస్తున్నాం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో బొనగావ్ శిబిరం నిండిపోయి, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ వచ్చింది.

2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన సూత్రం ప్రకారం, ఓఆర్ఎస్ అని పిలిచే ఈ ద్రావణం లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములు. సోడియం, గ్లూకోజు రెండూ 75 మిల్లీమోళ్ల చొప్పున సమానం. చక్కెర ఎక్కువైతే వాహకాలు మోయలేనిది పేగులో మిగిలిపోయి, ద్రవాభిసరణం వల్ల నీటిని ఇటే లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. అందుకే ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని, ఈ సూత్రానికి ఎన్నో రెట్ల చక్కెరతో అమ్ముడైన పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మరోవైపు ఉప్పు వేసిన గంజి మన ఇళ్లలో అనుభవం మీద వచ్చింది. దానికీ ఆధారం దొరికింది. పిండి గొలుసు ఒక్కో గ్లూకోజుగా విడిపోతూ అందుతుంది కాబట్టి ద్రవాభిసరణ ఒత్తిడి పెరగదు. బియ్యపు పిండితో చేసిన ఓఆర్ఎస్ కలరా రోగుల్లో విరేచనాల పరిమాణాన్ని తగ్గించిందని పరీక్షలు చెప్పాయి.

ఇదే కుటుంబంలోని మరో వాహకం మూత్రపిండంలో వడకట్టిన గ్లూకోజులో ఇంచుమించు తొంభై శాతాన్ని రక్తంలోకి తిరిగి తెస్తుంది. 1835లో ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి తీసిన ఫ్లోరిజిన్ దాన్ని ఆపుతుందని తెలిశాక, ఆ నమూనా మీదే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మధుమేహ మందులు వచ్చాయి. ఒక వాహకానికి పని కల్పించి ప్రాణం నిలిపారు, దాని తోబుట్టువును ఆపి చక్కెర తగ్గించారు.

సంచుల్లో ప్రయాణం

చానళ్లకూ వాహకాలకూ పట్టని పెద్ద సరుకు పొర ముక్కలోనే చుట్టుకుని వెళ్తుంది. కొలెస్టరాల్‌ను మోసే కణికలను కణం ఎలా గుర్తుపట్టి మింగుతుందో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ 1970ల్లో తేల్చారు. పుట్టుకతోనే కొలెస్టరాల్ విపరీతంగా ఉండే కుటుంబాల్లో ఆ గుర్తుపట్టే గ్రాహకమే లోపమని చూపారు. సంచులు సరైన చిరునామాకు ఎలా చేరతాయో చెప్పినందుకు రాత్‌మన్, షెక్‌మన్, స్యూడాఫ్‌లకు 2013 నోబెల్ దక్కింది. ఇన్సులిన్ పనితీరులో వాహకాల దారీ సంచుల దారీ కలుస్తాయి. ఇన్సులిన్ అందగానే కండర కణాల్లో గ్లూకోజు వాహకాలను మోస్తున్న సంచులు పైపొరతో కలిసిపోతాయి, గ్లూకోజుకు దారి పెరుగుతుంది.

ఎంఆర్ఎన్ఏ వ్యాక్సిన్లకు ఎదురైన పెద్ద అడ్డంకి కూడా పొరే. పొడవాటి, నిండా రుణావేశం ఉన్న ఆర్ఎన్ఏ కొవ్వు గుండా పోదు. దాన్ని కొవ్వు కణికలో చుట్టి పంపితే కణం మింగుతుంది. మింగిన సంచిలోంచి బయటపడేది మాత్రం కొద్ది శాతమే. ఇప్పటి పరిశోధనలో పెద్ద భాగం ఆ కొద్ది శాతాన్ని పెంచడం మీదే నడుస్తోంది.

తెగని తగువు

మందులు కణంలోకి వెళ్లేది కొవ్వు గుండానా, ప్రోటీన్ల గుండానా? ఔషధ రంగం చాలాకాలం ఓవర్టన్ సూత్రాన్నే నమ్ముకుంది. అణువు నూనెలో తగినంత కరిగితే చాలు, పొర దాటుతుందని లెక్క వేసింది. 2008లో డాబ్సన్, కెల్ దీన్ని తలకిందులు చేశారు. వాహకాల ద్వారా వెళ్లడమే మామూలు, కొవ్వు గుండా వెళ్లడం అరుదని వాదించారు. రెండేళ్లలో మరో శాస్త్రవేత్తల బృందం రెండూ పక్కపక్కనే సాగుతాయని సమాధానమిచ్చింది.

ఆధారాలు రెండు వైపులా ఉన్నాయి. ఉత్త కొవ్వు పొరల గుండా ఎన్నో మందులు దాటుతున్నాయని కొలతలు చెబుతున్నాయి. మరోవైపు సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద నడిపిన పరిశోధన నుంచి వచ్చిన కుటుంబంలోని మెథోట్రెక్సేట్ చూడండి. ఫోలేట్ కోసం కణం పెట్టుకున్న వాహకాన్నే వాడుకుని లోపలికి వెళ్తుంది. ఆ వాహకం తగ్గిపోయిన క్యాన్సర్ కణాల మీద మందు పారదు. లోపలికి వెళ్లిన మందును తిరిగి బయటికి తోసే పంపులూ ఉన్నాయి. 1976లో గుర్తించిన పీ-గ్లైకోప్రోటీన్ అలాంటిదే. క్యాన్సర్ కణాలు, ఇదే తరహా పంపులున్న బాక్టీరియా మందులకు లొంగకపోవడంలో వాటికి వాటా ఉంది. దీన్నిబట్టి చూస్తే సమాధానం మందును బట్టి మారుతుంది. ఆవేశం లేని, నూనెలో కరిగే చిన్న అణువుకు కొవ్వు చాలు. తక్కిన వాటికి వాహకం ఎవరో వెతకాల్సిందే.

అసలు ఇబ్బంది ఆ వెతుకులాటలోనే ఉంది. మన జన్యువుల్లో 400కు పైగా ఒక్క వాహక మహాకుటుంబానికే చెందినవి. వాటిలో చాలావాటికి ఏ పదార్థాన్ని మోస్తాయో ఇంకా తేలలేదు. క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ సాధనం వాటి ఆకారాన్ని చూపగలుగుతున్నాయి. ఆకారం తెలిసినంత మాత్రాన సరుకు తెలియదు. పేగులో నీరు వాహకం వెంటే వెళ్తుందా, తర్వాత ద్రవాభిసరణంతో వెళ్తుందా అన్న చర్చ కూడా ఇలాగే మిగిలింది. ఒక్కో చక్కెర అణువుతో దాదాపు 260 నీటి అణువులు వెళ్తాయని 1996లో వచ్చిన లెక్కను ఇప్పటికీ అందరూ ఒప్పుకోరు.

కొవ్వా, ప్రోటీనా అన్న ప్రశ్న వల్ల మేలే జరిగింది. ఒక్కో పక్షం రెండో పక్షం కంటే మెరుగైన ప్రయోగం చేయాలని పట్టుబట్టింది. జవాబు మాత్రం ఆ రెండిటి మధ్య ఎంపికలో లేదు. కొవ్వు అన్నిటినీ పోనిస్తే ప్రోటీన్లకు ఎంచుకునే అవకాశమే ఉండదు, పంపు పడిన శ్రమ క్షణంలో కరిగిపోతుంది. ప్రోటీన్లు లేకపోతే కొవ్వు బుడగ ఉప్పునూ చక్కెరనూ బయటే ఉంచి లోపల ఖాళీగా మిగులుతుంది. అందుకే ఏ దాటింపునైనా మూడు ప్రశ్నలతో తూచవచ్చు: తేడా ఏ వైపుకు వాలి ఉంది, దారి ఎవరిది, ఎదురు వెళ్తుంటే ఖర్చు ఎవరిది? పాఠం పేర్ల జాబితాతో కాక ఈ మూడు ప్రశ్నలతో మొదలైతే విద్యార్థికి ఓఆర్ఎస్ ప్యాకెట్ మీది అంకెలు, గన్నేరు విషం, ఫ్లోరైడ్ నీరు ఒకే లెక్కలోకి వస్తాయి. పరిశోధకులకు మిగిలింది రెండో ప్రశ్నే: దారి కనబడుతున్న వందలాది వాహకాల్లో ఏది ఏ సరుకుదో ఒక్కొక్కటిగా తేల్చడం.